ఎండుచేపల వాసనకి ముక్కు మూసుకునే మనవాళ్ళకి

నిన్న మధ్యాహ్నం మా స్నేహితుణ్ణి ఇక్కడ అమెరికాలో, జెర్సీ సిటీ వెస్ట్‌సైడ్ ఎవెన్యూలో నేనెప్పుడూ తినే ఫిలిప్పినో హోటల్‌కి తీసుకెళ్ళాను. ముందు సగం కిరాణా కొట్టు, వెనక సగం హోటల్. లోపల అడుగు పెట్టాడో లేదో, "అబ్బా, ఏం కంపురా బాబూ" అంటూ బయటికెళ్ళి నిలబడ్డాడు. వాడిది కాకినాడ. అందుకే నాకింత కోపం.

ఆ కంపు ఎండుచేపలది. అక్కడ 'డిలిస్' అని అమ్మే ప్యాకెట్లో ఉన్నవి మన నెత్తళ్ళే! వాళ్ళమ్మ అవే వంకాయలో వేసి వండితే కంచం ఊడ్చుకు తిన్నవాడు. పోయినేడాది మా అపార్ట్‌మెంట్లో ఇంగువ పోపు వాసన భరించలేకపోతున్నామని కింది ఫ్లాట్ వాళ్ళు ఫిర్యాదు చేస్తే, వీడే నాకంటే ఎక్కువ బాధపడ్డాడు. మన పోపైతే సంస్కృతి, పక్కవాడి ఎండుచేపైతే కంపా?

ఇలాంటి హోటళ్ళని 'తురో తురో' అంటారు. తురో అంటే వేలుపెట్టి చూపించడం. గాజు అద్దం వెనక వేడివేడి ట్రేలు వరసగా ఉంటాయి. పేర్లు తెలియక్కర్లేదు, ఇది, అది అని చూపిస్తే చాలు. నిన్న అన్నం, రెండు కూరలకి 13 డాలర్లు ఇచ్చాను. రాత్రి డ్యూటీ దిగిన నర్సులు యూనిఫామ్‌తోనే వచ్చి తింటుంటారు. వడ్డించే ఆవిణ్ణి అందరూ 'ఆతె' అంటారు, అంటే అక్క. మన 'అండీ' లాగా మాట చివర 'పో' చేరుస్తారు. పలకరింపు కూడా మనలాగే, "తిన్నావా?"

మొదటిసారి వెళ్తే సినిగాంగ్ అడగండి. చింతపండు పులుసు అది. రొయ్యలు, టమాటా, ముల్లంగి, బెండకాయలు, చేమదుంప, పొడుగు పచ్చిమిర్చి, దించేముందు తూటికూర. అచ్చం మన ముక్కల పులుసే, కాకపోతే బెల్లం లేదు, పసుపు లేదు, పోపు లేదు. చేమదుంప మెత్తగా ఉడికి పులుసు కాస్త చిక్కబడుతుంది. అన్నంలో పోసుకుని పిసికి కలిపి తింటే ఆ పులుపు చెవుల దాకా ఎక్కుతుంది. జ్వరం పడి లేచిన రోజు నాకిప్పుడు ఇదే కావాలనిపిస్తుంది.

కరేకరే అని ఇంకోటుంది, వేరుశనగ ముద్దతో చేస్తారు. మామూలుగా ఎద్దుతోకతో వండుతారు కాబట్టి బీఫ్ తిననివాళ్ళు అడిగి తీసుకోండి. 1762లో ఇంగ్లీషువాళ్ళు మద్రాసు నుంచి ఓడల్లో సిపాయిల్ని తీసుకెళ్ళి ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాని పట్టుకున్నారు. 1764లో వదిలిపోయేటప్పుడు కొందరు సిపాయిలు మనీలా పక్కనున్న కైంటా ఊరి దగ్గరే ఉండిపోయారు. ఈ కూర వాళ్ళ నుంచే వచ్చిందని చెప్పుకునేవాళ్ళున్నారు. ఏమో, ఆ గుంపులో మన తీరంవాళ్ళు కూడా ఉన్నారేమో అనుకుంటూ తింటాను నేను.

మా వాట్సాప్ గ్రూపులో ఒకరు "కాస్త క్లాస్‌గా ఉండే ఫిలిప్పినో ప్లేస్ చెప్పండి" అనడిగారు. నేను చెప్పను. ఇటాలియన్ హోటల్లో చిన్న ప్లేటు నూడుల్స్‌కి 28 డాలర్లు కిక్కురుమనకుండా కట్టేది మనమే. ఇక్కడ ప్లాస్టిక్ కుర్చీలున్నాయని, గోడలకి రంగు పోయిందని వంక పెడతాం. ఆ కుర్చీలు మారిస్తే సినిగాంగ్ ధర మారుతుంది. అప్పుడు ఆ నర్సులెక్కడ తినాలి?

స్నేహితుడి కోసం ఒక పొట్లం పులుసు, రెండు ప్యాకెట్ల నెత్తళ్ళు కొన్నాను. పులుసు వాడింకా తెరవలేదట. శనివారం మళ్ళీ వెళ్తున్నాను, వచ్చేవాళ్ళు చెప్పండి. ఒంటిగంటలోపు చేరాలి, రెండయ్యేసరికి సినిగాంగ్ ట్రే ఖాళీ అయిపోతుంది.