గొలుసు ఊడిన ఎడ్లు

పోయిన వేసవిలో నేను నడిపిన ఒక లోడ్ టెస్టులో అద్భుతం జరిగింది. లోడ్ టెస్టు అంటే, ఉత్తుత్తి యూజర్లని గుంపుగా సర్వర్ మీదకి వదిలి, అది ఎంతమందిని తట్టుకుంటుందో చూడటం. యూజర్లు పెరిగేకొద్దీ సర్వర్ వేగం పెరిగింది. వంద మంది ఉన్నప్పుడు ఒక్కో జవాబుకి నాలుగు సెకన్లు తీసుకున్న వెబ్ సర్వీసు, వెయ్యి మంది మీద పడేసరికి 40 మిల్లీసెకన్లలో జవాబిచ్చింది. మా మేనేజర్ గారు ఆ గ్రాఫుని క్లయింటుకి చూపించే ప్రెజెంటేషన్‌లో మొదటి పేజీలోనే పెట్టించారు. నాకు ఒక మొమెంటో ఇచ్చారు. నెల్లూరులో నా గదిలో, నీళ్ళ క్యాన్ పక్కన, ఇప్పటికీ ఉంది.

ఆ అద్భుతం ఎలా జరిగిందో తర్వాత చెప్తాను. ముందు మా వృత్తి ధర్మం గురించి నాలుగు మాటలు చెప్పాలి. కొత్తగా వస్తున్న పిల్లలు మరీ పాడైపోతున్నారు. సర్వర్ ఎంతమందికి పడిపోతుందో నిజంగానే తెలుసుకోవాలని చూస్తున్నారు. శుక్రవారం సాయంత్రం రిలీజు పెట్టుకుని గురువారం రాత్రి ఇలాంటివి తెలుసుకుంటే ఎవరికి లాభం? రిలీజు ఆగకూడదు, రిపోర్టు పచ్చగా ఉండాలి, సర్వర్‌కి నొప్పి తగలకూడదు. ఈ మూడూ తెలిసినవాడే పర్ఫార్మెన్స్ టెస్టర్.

పనిముట్లకేం కొరత లేదు. జేమీటర్ 1998 నుంచి ఉంది, పైసా ఇవ్వక్కర్లేదు. గాట్లింగ్ అంటే పాతకాలపు మర తుపాకీ. లోకస్ట్ అంటే మిడత, దండుగా వచ్చి పడుతుందని ఆ పేరు. కే6కి జావాస్క్రిప్టు వస్తే చాలు. పేర్లు వింటే సర్వర్లు వణకాలి. మా చేతిలో పడ్డాక మాత్రం ఇవన్నీ పెళ్ళిలో చల్లే పన్నీరు బుడ్లే.

జేమీటర్ తెరవగానే వెనకాల నల్ల తెర మీద ఒక హెచ్చరిక పడుతుంది. ఈ బొమ్మల కిటికీ స్క్రిప్టు రాసుకోవడానికి, సరిచూసుకోవడానికే, దీంతో లోడ్ టెస్టు చేయొద్దు అని. చేసినవాళ్ళే చెప్తున్న మాట. కానీ కమాండ్ లైన్‌లో నడిపితే మీటింగులో చూపించడానికి ఏముంటుంది, నాలుగు వరసల అంకెలు తప్ప? అదే కిటికీలో అయితే పచ్చటి టిక్కులు జలజలా రాలతాయి. వాటిని చూస్తే మా మేనేజర్ గారికి కడుపు నిండిపోతుంది. అందుకని ఒకసారి మాగుంట లేఔట్‌లోని నా గది నుంచి, ఇంటి వైఫై మీద, జేమీటర్‌కి మామూలుగా దక్కే 1 జీబీ హీప్ (మెమరీ)తోనే ఐదు వేల మందిని వదిలాను. రెండో నిమిషానికి లాప్‌టాప్ ఫ్యాను రైస్ మిల్లులా మోగింది. మూడో నిమిషానికి కింది వాటాలోని ఓనర్ ఆంటీ మెట్లెక్కి వచ్చింది.

"అబ్బయ్యా, సీరియల్ తిరగతా తిరగతా నిలబడిపొయ్యింది. వైఫైని నువ్వేమన్నా చేశావా?"

సర్వర్‌కి మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు. అసలు దాని దగ్గరికి ఎవరైనా చేరితే కదా. "ఐదు వేల మంది యూజర్లకి సర్వర్ చెక్కుచెదరలేదు" అని రిపోర్టు రాశాను. అందులో చివరి మాటలో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

ఇంకాస్త నాజూకు పని కావాలంటే ర్యాంప్-అప్ అనే గడి ఉంది. యూజర్లందరినీ ఎంతసేపట్లో లోపలికి పంపాలో అక్కడ రాయాలి. వెయ్యి మందికి ఒక గంట అని రాస్తాను. అంటే 3.6 సెకన్లకి ఒకరు. వచ్చినవాళ్ళు రెండు సెకన్లలో పని చూసుకుని వెళ్ళిపోతారు. జాన్ లిటిల్ అనే అమెరికా ప్రొఫెసర్ 1961లో ఒక సూత్రాన్ని నిరూపించాడు. లోపల సగటున ఎంతమంది ఉన్నారో కావాలంటే, వచ్చే వేగాన్ని ఉండే సమయంతో హెచ్చించాలి. హెచ్చిస్తే 0.56 వస్తుంది. రిపోర్టులో వెయ్యి మంది అని రాసుకున్న జనసముద్రం, ఎప్పుడు తొంగిచూసినా, అర మనిషికి కాస్త ఎక్కువ. బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకి జనం ఇలా వస్తే ఎంత బాగుండేది! 3.6 సెకన్లకి ఒకరు స్వర్ణాల చెరువులో దిగి, రొట్టె అందుకుని, గట్టెక్కి ఇంటికెళ్ళిపోతే బందోబస్తుకి ఒక్క హోంగార్డు చాలు. జనానికి ఆ క్రమశిక్షణ లేదు. చెరువుకైనా వస్తే అందరూ ఒక్కసారే వస్తారు, పది గంటలకి ఏసీ తత్కాల్ తెరిచినా అంతే.

సగటు గురించి కూడా చెప్పాలి. సగటు లాంటి దయగల అంకె ఇంకోటి లేదు. వంద రిక్వెస్టుల్లో తొంభై 0.2 సెకన్లలో అయిపోయి, పది మాత్రం 20 సెకన్లు పట్టాయనుకోండి. సగటు 2.18 వస్తుంది. ఒప్పందంలో మూడు సెకన్లని ఉంటే పాసైపోయినట్టే. తొంభై ఐదో పర్సంటైల్ ఎంత, అంటే వందలో తొంభై ఐదు ఎంతలోపు అయిపోయాయి అని ఎవరైనా తెలివైన క్లయింటు అడిగితేనే ఆ 20 బయటపడుతుంది. అడగనివాళ్ళకి చెప్పడం మర్యాద కాదు. అయినా మనుషుల తీరు విచిత్రం. రిసెప్షన్‌లో తొంభై మంది చేపల పులుసు కడుపునిండా తింటారు, మూడో పంక్తిలో చారుతో సరిపెట్టుకున్న పదిమందే ఆ పెళ్ళి గురించి పదేళ్ళు చెప్తారు. సగటున మనిషికి ముక్కా ముప్పాతిక పడిందయ్యా అని లెక్క చూపిస్తే వింటారా?

ఇక టెస్ట్ సర్వర్ ఒకటి, అసలు సర్వర్ ఒకటి. రెండూ ఒకటే అని అందరం ఒట్టేసి చెప్తాం. మన ఒంగోలు గిత్త సముద్రాలు దాటి బ్రెజిల్ వెళ్ళింది. అక్కడి ఎండకీ గడ్డికీ అలవాటుపడి, నెలోర్ అనే పేరుతో మందలు మందలుగా పెరిగింది. (గిత్తది ఒంగోలు, పేరు నెల్లూరుది. మా ప్రకాశం వాళ్ళకి ఈ విషయంలో కడుపుమంట ఇంకా చల్లారలేదు. నేను ఉండేది నెల్లూరులో కాబట్టి దీని మీద మాట్లాడను.) మా కోడ్ మాత్రం ఒకే గదిలో ఈ బీరువా నుంచి పక్క బీరువాలోకి మారితే జ్వరం తెచ్చుకుంటుంది.

ఇప్పుడు అద్భుతం సంగతికొద్దాం. అది పరీక్షల ఫలితాలు చూపించే సర్వీసు. ఉదయం 11 గంటలకి ఫలితాలు. నేను 10:55కి కాఫీ కలుపుకుని మొమెంటో పక్కన కూర్చున్నాను. 11:02కి ఫోన్ వచ్చింది, మా పెదనాన్న మనవరాలు.

"బాబాయ్, చుక్క తిరగతానే ఉంది. నా మార్కులు రావట్లా."

"కాసేపాగి చూడమ్మా."

"నువ్వే గదా దీన్ని టెస్టు చేసింది? తాతయ్య ఊరంతా చెప్పాడు."

పిల్లకి మార్కులు సాయంత్రం నాలుగున్నరకి కనిపించాయి. ఆ వారం ఊరెళ్ళాను. టంగుటూరు దగ్గర మా పల్లె. పెదనాన్నకి ఒక జత ఉంది, ఆరు పళ్ళ విభాగంలో బండలాగుడు పోటీలకి తిప్పుతాడు. నేను వెళ్ళేసరికి ఉడికిన ఉలవలు ముద్దలు చేసి ఎడమ గిత్త నోట్లో పెడుతున్నాడు. అది ముద్ద మింగి ఆయన మణికట్టు దాకా నాకేస్తోంది.

"మీ కంప్యూటర్లకి గూడా బండలాగుడు పెడతారంట గదా. పాప చెప్పిందిలే. మరి పోటీ రోజున మీది కూలబడిందేందిరా?"

నా పరువు నిలబెట్టుకోవాలి కదా. ఫోన్ తీసి గ్రాఫు చూపించాను. ఇది వంద మంది పెదనాన్నా, ఇది రెండొందలు, ఇది వెయ్యి. చెయ్యి తుండుకి తుడుచుకుని, గీత మీద వేలు పెట్టాడు.

"ఈడ దాకా ఆయాసపడింది. ఈడ నించి ఉరుకుతా ఉంది. ఈడేం జరిగింది?"

"వేగం పెరిగింది."

"వేగం పెరగడమేందిరా. గొలుసు ఊడి ఉంటది."

"ఆఁ?"

"బండ యెనకాల్నే నిలబడిపోతే ఎడ్లు ఉరకవా మరి? అందుకే గదా టేపు పెట్టి కొలిచేది బండ పోయిన దూరం. ఎడ్లు యాడికి పోతే ఎవురిక్కావాలి." అని రెండో గిత్త దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి మంచం మీదే లాప్‌టాప్ తెరిచాను. స్క్రిప్టు రికార్డు చేసినప్పుడు నా లాగిన్‌కి ఒక టోకెన్, అంటే లోపలికి రానిచ్చే చీటీ, దొరికింది. ప్రతి యూజరుకీ కొత్త టోకెన్ తీసుకుని దాన్ని తర్వాతి రిక్వెస్టులో వాడమని స్క్రిప్టుకి చెప్పాలి. నేను చెప్పలేదు. వెయ్యి మందీ నా పాత టోకెన్‌తోనే వెళ్ళారు. దాని ఆయుష్షు పదిహేను నిమిషాలు. ఆ పదిహేను నిమిషాలూ సర్వర్ నిజంగా బండ లాగింది. పదహారో నిమిషం నుంచి వచ్చిన ప్రతి యూజరుకీ "మీ సెషన్ ముగిసింది, మళ్ళీ లాగిన్ అవ్వండి" అని వాకిట్లోనే చెప్పి పంపేసింది. అదీ 200 ఓకే, అంటే అంతా సవ్యం అనే కోడ్‌తో. వాకిట్లోంచి పంపడానికి 40 మిల్లీసెకన్లు చాలు. జేమీటర్‌కి 200 కనిపించింది, పచ్చ టిక్కు పెట్టింది. జవాబులో మార్కులు ఉన్నాయో లేదో చూడమని ఒక్క అసర్షన్ పెట్టి ఉంటే ఆ టిక్కులన్నీ ఎర్రబడేవి, మొమెంటో ఇంకొకరికి వెళ్ళేది.

అసలు జబ్బు కూడా ఆ మొదటి పావుగంటలోనే ఉంది. డేటాబేస్‌కి వెళ్ళే దారి హికారీ అనే కనెక్షన్ పూల్, అంటే ముందే తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపు. ఎవరూ ముట్టుకోకపోతే అందులో ఉండేవి 10 కనెక్షన్లు. ఎవరూ ముట్టుకోలేదు. ఒక్కో మార్కుల జాబితా తీయడానికి 0.4 సెకన్లు పడుతోంది, అంటే సెకనుకి 25 మంది. వంద మంది వరసలో నిలబడితే నాలుగు సెకన్లు. గ్రాఫులో ఆ నాలుగు కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. అందరం పక్కనున్న 40ని చూసి చప్పట్లు కొట్టాం.

ఇది చదివి పిల్లలెవరూ ఆవేశపడి తప్పు ఒప్పుకునే పని పెట్టుకోకండి. నేను పెట్టుకోలేదు. సోమవారం సమీక్ష మీటింగులో కారణం అనే గడిలో "ఊహించని రద్దీ" అని రాసుకున్నాం. ఫలితాలు ఫలానా రోజు 11 గంటలకి అని మూడు రోజుల ముందే ప్రకటించారు, పరీక్ష రాసినవాళ్ళ లెక్క క్లయింటు దగ్గరే ఉంది, అయినా మేము ఊహించలేదు. ఆ మాట ఎవరూ కాదనలేదు, ఎందుకంటే అది నిజం.

అయినా మనసులో టెన్షన్ ఉండి, రొట్టెల పండుగలో ఉద్యోగ రొట్టె అందుకున్నాను. కోరిక ఫలించినట్టే ఉంది. వచ్చే పండుగకి నేనే రొట్టె తీసుకెళ్ళి ఇవ్వాలి. పండుగ అయిన పదో రోజున మేనేజర్ గారి దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. కొత్త ప్రాజెక్టు, పాత క్లయింటే. లోడ్ టెస్టు మళ్ళీ నాకే అప్పగించారు. చివర్లో ఒక లైను: "టైం తక్కువ ఉంది, పోయినసారి స్క్రిప్టునే వాడేయండి. గ్రాఫు చాలా బాగా వచ్చింది."