కరిగిపోవడం మా ఇంటా వంటా లేదు

మా బాబాయి గారి ముంజేతిలోంచి తీసిన స్టీలు ప్లేటూ ఆరు స్క్రూలూ మా హాల్లో షోకేసులో ఉన్నాయి. కాలవగట్టు మీద స్కూటరు జారి చెయ్యి విరిగినప్పుడు వేశారు, ఏడాదిన్నరకి మళ్లీ కోసి తీశారు. డాక్టరు గారు దూదిలో చుట్టి ఇస్తే, బాబాయి హార్లిక్స్ సీసాలో వేసి మూత బిగించారు. ఒక స్క్రూ తల అరిగిపోయి ఉంటుంది. తీసేటప్పుడు డాక్టరు గారు పట్టిన కుస్తీకి అది గుర్తు. ఇంటికొచ్చిన చుట్టాలకి ముందు మంచినీళ్లు, తర్వాత ఆ సీసా.

అందుకే, ఒంట్లో పెడితే పనయ్యాక వాటంతటవే కరిగిపోయే ఎలక్ట్రానిక్ పరికరాలు వస్తున్నాయన్న వార్తని మా వంశగౌరవం మీద దాడిగా భావిస్తున్నాను.

గొడవ 2012లో మొదలైంది. అమెరికాలో జాన్ రోజర్స్ అనే శాస్త్రవేత్త బృందం పట్టుపొర మీద సర్క్యూట్ కట్టి, నీళ్లలో కరిగించి చూపించింది. తీగలు మెగ్నీషియంవి. చిప్పు మామూలు సిలికానే, కాకపోతే మందం వెంట్రుకలో సుమారు వెయ్యో వంతు. అంత పల్చనైతే నీటికి కొద్దికొద్దిగా కరిగి సిలిసిక్ ఆమ్లంగా మారిపోతుంది. సిలికాన్ అంటే ఇసకలో ఉండేదే కదా. రాత్రికి రాత్రి ఇసక మాయమవడం గోదావరి వాళ్లకి కొత్తేమీ కాదు, లారీ లేకుండా మాయమవడమే కొత్త.

పల్చన అంటే గుర్తొచ్చింది. ఆత్రేయపురం వెళ్లి చూడండి. బోర్లించిన కుండ, కింద మంట. పిండినీళ్లలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్క లాగు లాగితే రెప్పపాటులో రేకు లేస్తుంది. వెలుగుకి పట్టుకుంటే అవతలి మనిషి కనిపిస్తాడు, నాలుక మీద పెడితే ఉండదు. ఇంత టెక్నాలజీ చేతిలో పెట్టుకుని మనం అందులో బెల్లం, నెయ్యి చుట్టాం. 2023లో, ఫలానా ఊరి సరుకని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది, అదీ మిఠాయిగానే.

2025లో అదే రోజర్స్ బృందం నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో బియ్యపు గింజకన్నా చిన్న పేస్‌మేకర్ చేసింది. వెడల్పు 1.8, పొడవు 3.5, మందం 1 మిల్లీమీటరు. మా వైపు దాన్ని నూక అంటారు. సిరంజితో ఎక్కించొచ్చు. దానికున్న రెండు లోహాలకి ఒంట్లో తడి తగిలితే అదే బ్యాటరీ. ఛాతీ మీద అతికించిన పట్టీ గుండె లయ తప్పడం కనిపెట్టి, చర్మంలోంచి వెలుగు మిణుకు మిణుకుమనిపించి దాన్ని పనిలో పెడుతుంది. ముఖ్యంగా గుండె ఆపరేషనైన పసిపిల్లల కోసం. చాలామందికి వారం రోజుల ఆసరా చాలు. ప్రయోగాలు చేసింది మాత్రం జంతువుల మీద, దానమిచ్చిన మనుషుల గుండెల మీద.

ఇప్పుడైతే గుండెకి తీగలు కుట్టి, పనయ్యాక బయటికి లాగుతారు. చంద్రుడి మీద కాలు పెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ 2012లో పోయింది, అలా తీగలు తీశాక లోపల రక్తస్రావమయ్యే. ఈ పాయింటుకి నా దగ్గర జవాబు లేదు కనక ముందుకెళ్తున్నాను.

పర్యావరణం మాటా ఎత్తుతున్నారు. 2022లో ప్రపంచంలో పోగైన ఎలక్ట్రానిక్ చెత్త 6.2 కోట్ల టన్నులట. పద్ధతిగా సేకరించి రీసైకిల్ చేసినట్టు లెక్కకొచ్చింది అందులో నాలుగో వంతు కూడా లేదు. మేం అసలు పారేస్తేగా! మా అటక మీద రెండు మిక్సీలు, ఒక డబ్బా టీవీ, ఏ ఫోనువో తెలియని పదకొండు ఛార్జర్లు క్షేమంగా ఉన్నాయి. పట్టనిది కాలవ చూసుకుంటుంది. వేసవిలో కాలవలు కట్టేశాక మా రేవు మెట్ల కింద నెర్రెలిచ్చిన బురదలో టీవీ రిమోటు, పగిలిన సెల్‌ఫోను, వాటి పక్కనే లడ్డూ పట్టుకున్న ప్లాస్టర్ వినాయకుడి చెయ్యి. మట్టి వినాయకుడైతే తొమ్మిది రోజులు డ్యూటీ చేసి నీళ్లలో కలిసిపోయేవాడు. ఆయన్ని కూడా పర్మనెంట్ చేసేశాం.

బాబాయి నా పక్షమే అనుకుని వార్త చదివి వినిపించాను. ఆయన పూర్వాశ్రమంలో ఏటిగట్టు పనుల కాంట్రాక్టరు. వరదకి ముందు గట్టున పోసిన రాళ్లకి ఎం బుక్‌లో, అంటే బిల్లు కోసం పని లెక్క రాసే పుస్తకంలో, కొలతలుంటాయి, వరద తీశాక రాళ్లుండవు. మా మేడ లేచింది ఆ మధ్యకాలంలోనే.

బాబాయి సీసా ఒకసారి గలగల్లాడించారు.

"పనయ్యాక ఏమీ మిగలదంటావ్?"

"మిగలదు బాబాయ్."

"పెట్టినట్టు ఆనవాలు కూడా?"

"ఉండదు."

సీసా బల్ల మీద పెట్టేసి, కళ్లజోడు తుడుచుకుని, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"ఒరేయ్, మరి దాని ఎం బుక్ ఎవరు రాస్తారు?"