బకాయిల మెట్లు, కళాకారుడి ఉన్నతి

గోదావరి డెల్టాలో కళాకారుడికి పదోన్నతి కల్పించే పద్ధతి మిక్కిలి శాస్త్రీయమైనదని సవినయంగా మనవి చేస్తున్నాను. ఇక్కడ బొమ్మలు వేసే కుర్రవాడు ఫొటోగ్రాఫర్ కావాలన్నా, ఆ ఫొటోగ్రాఫర్ వీడియో పాటల దర్శకుడు కావాలన్నా ప్రతిభ ఒక్కటే చాలదు. అంతకుముందు చేసిన పనికి డబ్బు రాకుండా కూడా ఉండాలి.

బొమ్మల దశ చిన్నది. తీర్థం ఫ్లెక్సీ మీద సర్పంచిగారిని అమ్మవారి కంటే రవ్వంత పెద్దగా చూపినందుకు మెచ్చుకోలు మాత్రం ముడుతుంది. తరువాతివి పెళ్లి ఫొటోలు. వంటవారికీ సన్నాయి మేళానికీ అక్కడికక్కడే లెక్క తేల్చే పెళ్లికూతురి తండ్రి, ఆల్బమ్ దగ్గరికి వచ్చేసరికి "ఎక్కడికి పోతాంలేవోయ్" అంటారు. ఆయన నిజంగానే ఎక్కడికీ పోరు, డబ్బూ కదలదు.

మూడో దశ మహోన్నతమైనది. భీమవరం వైపు రొయ్యల రైతు ఒకరు, కుమారుణ్ణి కథానాయకుణ్ణి చేయదలచి పాటకు నిర్మాత అవుతారు. దిండి దగ్గర కొబ్బరితోటలో చిత్రీకరణ మొదలవుతుంది. స్లోమోషన్ కోసం కెమెరాను సెకనుకు 50 ఫ్రేములకు పెట్టి, 25 ఫ్రేముల వేగంతో చూపేటప్పుడు పెదవులు పాటతో కలవాలి గనుక, స్పీకరులో పాటను రెట్టింపు వేగంతో వేస్తారు. విరహగీతం కీచుగొంతుతో పరుగెడుతుంటే అబ్బాయి దాన్ని అందుకోలేక చెమటలు కారుస్తాడు. నెత్తిన కాయ పడుతుందేమోనని నాయిక పైకి చూస్తే, దర్శకుడు ఆ చూపును ఎడిటింగులో విరహంగా సర్దుకుంటాడు. పారితోషికం చెరువులో రొయ్యల పట్టుబడి అయ్యాకే అని ఒప్పందం. 30 కౌంటుకు, అంటే కిలోకు ముప్పై తూగేలా, పెరగవలసిన చెరువుకు వైట్‌స్పాట్ తెగులు సోకి, 100 కౌంటుకే వల దించవలసి వస్తే, ఆ నష్టంలో దర్శకుడికీ న్యాయమైన వాటా దక్కుతుంది.

గొణిగితే పెద్దలు బాపుగారిని గుర్తుచేస్తారు. 1933లో నరసాపురంలో పుట్టి, బొమ్మలతో పేరు తెచ్చుకుని, 1967లో విడుదలైన తొలి చిత్రాన్ని పులిదిండిలో తీయలేదా అని అడుగుతారు. ఆయన మద్రాసులో లా కూడా చదివారన్న సంగతి మాత్రం ఎత్తరు. బాకీపడ్డవారు ఆ చదువును ప్రోత్సహించకపోవడం సహజమే.

ప్రస్తుతం మా దర్శకుడు నాలుగో మెట్టు ఎక్కుతున్నాడు. అమలాపురంలో గది అద్దెకు తీసుకుని మూడు కళలూ నేర్పబోతున్నాడు. ఫీజు మొత్తం ముందే చెల్లించాలని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించాడు. ఆ బోర్డు రాసిన కుర్రవాడికి సంక్రాంతి వెళ్లాక చూద్దామన్నాడు.