అప్పడాల కర్ర సాక్ష్యం

(డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఒక ఇల్లు. ఆగస్టు మధ్యాహ్నం, బయట 104 డిగ్రీలు. ఫారెన్‌హీట్ లెండి, కంగారు పడకండి. లోపల వేడి వేరే.)

సుజాత: ఏమండీ, ఇలా రండి. కర్ర గట్టు మీద పెడుతున్నా, చూడండి... చూశారా! దానంతటదే దొర్లుకుంటూ స్టవ్ దాకా పోయింది.

రమణ: గుండ్రటిది దొర్లక, నిలబడి నీకు దణ్ణం పెడుతుందా?

సుజాత: పోయినేడు ఇక్కడే బుద్ధిగా ఉండేది. ఇల్లు ఆ మూలకి కుంగిందండీ. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు. పూజగది చేసుకున్న క్లాసెట్ తలుపు పట్టేస్తోంది.

రమణ: పగులుకి పుట్టీ పెట్టి రంగేశాను. తలుపుకి నా చేత్తో చిత్రిక పట్టాను. ఇంకేం చెయ్యను?

సుజాత: కాలు విరిగితే పౌడరు రాశారు.

రమణ: మన ఇంటి కింద పునాది పోస్ట్ టెన్షన్ స్లాబే! లోపల ఉక్కు తీగలు లాగి బిగించారు.

సుజాత: టెన్షన్ దానికి లేదు, నాకుంది. స్లాబ్ సరే, కింద మట్టి? అచ్చం మా గుంటూరు నల్లరేగడే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. వేసవిలో మా పత్తిచేలో పగుళ్లలోకి పాదం దిగిపోయేది. ఇక్కడా ఒకప్పుడు పత్తి చేలేనట. పునాది చుట్టూ సోకర్ హోస్, అదే, నీళ్లు మెల్లగా ఊరే గొట్టం, వెయ్యమని పక్కింటాయన చెప్పాడా, లేదా?

రమణ: మట్టిని తడపడానికి వాటర్ బిల్లా?

సుజాత: కరివేపాకు కుండీకి రోజూ పోస్తారుగా!

రమణ: అది పులుసులోకి పనికొస్తుంది.

(కాసేపు మౌనం. ఫ్రిజ్ మాత్రమే మాట్లాడుతోంది.)

రమణ: సరే, ఫోమ్ కొట్టిద్దాం. స్లాబ్‌కి చిన్న కన్నాలు చేసి పోస్తే ఇడ్లీ పిండిలా పొంగి ఎత్తేస్తుంది. ఒక్క పూట పని.

సుజాత: తీగెక్కడుందో చూసుకోకుండా కన్నం పెడితే? డ్రైవ్‌వేకి ఫోమ్ చాలు, మన ఇంటి మూలకి పియర్లే, అంటే మట్టిలోకి లోతుగా స్తంభాలే, దించాలన్నాడు ఇంజనీరు.

రమణ: ఏ ఇంజనీరు?

సుజాత: నేనే పిలిచా. రిపేరు కంపెనీవాడు కాదు, విడిగా ఫీజు తీసుకునేవాడు. పియర్లు అమ్మేవాణ్ణే అడిగితే నాలుగు మూలలూ కుంగాయంటాడు. అంచు వెంబడి ఆరడుగులకో గొయ్యి. కాంక్రీటు దిమ్మలు ఒకదాని మీద ఒకటి పెట్టి జాకీతో నొక్కుతారు. ఇంటి బరువే వాటిని అదుముతుంది. అవి ఇక దిగనని మొరాయించాక ఇంటిని మెల్లగా ఎత్తుతారు.

రమణ: ఇన్సూరెన్స్ వాళ్లిస్తారులే.

సుజాత: మట్టి వల్ల కుంగితే ఇవ్వరు. పాలసీ మీద సంతకం మీది, చదివింది నేను.

రమణ: ఎత్తేటప్పుడు కింద డ్రైన్ పైపులు పగిలితే?

సుజాత: ఎత్తకముందూ, ఎత్తాకా పైపుల్లో నీళ్లు నింపి టెస్ట్ చేయిస్తా. అబ్బ, ఇన్నాళ్లకి పనికొచ్చే ప్రశ్న అడిగారు!

రమణ: మరి... గుమ్మం మళ్లీ సరిగ్గా నిలబడితే, నేను చిత్రిక పట్టిన తలుపు?

సుజాత: వంకర గుమ్మానికి కొలిచి కోశారుగా. పైన ముక్కోణం సందు మిగులుతుంది.

రమణ: ఎంతుంటుందేం?

సుజాత: ఈ కర్ర దూరేంత. ఉండండి, తెస్తా.