రిజిస్ట్రీ చెప్పిందే ఫైనలా?

ఒక వాదన ఈ మధ్య సోషల్ మీడియాలో తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "డెన్మార్క్, స్వీడన్ లాంటి దేశాల్లో ప్రతి రోగి వివరమూ నేషనల్ పేషెంట్ రిజిస్ట్రీలో ఉంటుంది. ఎవరూ తప్పిపోరు. జబ్బు పేరు రాసేది డాక్టర్లే. లక్షల మంది డేటా కాబట్టి చిన్నాచితకా పొరపాట్లు వాటంతట అవే సర్దుకుపోతాయి. ఇంకా వెయ్యి మందినో రెండు వేల మందినో పెట్టుకుని ఏళ్ల తరబడి ట్రయల్స్ చేయడం దండగ." వినడానికి బాగానే ఉంది. ఒక్కో ముక్కే చూద్దాం.

"ఎవరూ తప్పిపోరు." ఇది సగం నిజం. డెన్మార్క్‌లో 1968 నుంచి ప్రతి పౌరుడికీ ఒక నంబరు ఉంది, 1977లో పేషెంట్ రిజిస్ట్రీ మొదలైంది. కానీ అందులోకి ఎక్కేది ఆసుపత్రి గడప తొక్కినవాళ్లే. మొదట్లో అడ్మిట్ అయినవాళ్లు మాత్రమే ఉండేవారు. ఔట్ పేషెంట్లు, ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు 1995లో చేరారు. ఫ్యామిలీ డాక్టర్ దగ్గరే బీపీకో షుగర్‌కో మందులు రాయించుకుంటూ గడిపేవాళ్ల జబ్బు అందులో కనిపించదు. రిజిస్ట్రీలో షుగర్ అని లేదు కాబట్టి ఆ మనిషికి షుగర్ లేదని లెక్కేస్తే పప్పులో కాలేసినట్టే. సిగరెట్ అలవాటు, బరువు లాంటివైతే నమ్ముకోదగ్గంతగా ఉండవు.

ఈ 1995 సంగతి తెలియకపోవడం వల్లే ఇంకో పుకారు కూడా పుట్టింది: డెన్మార్క్ పిల్లల్లో ఆటిజం ఒక్కసారిగా పెరిగిపోయిందని, రిజిస్ట్రీ గ్రాఫే దానికి సాక్ష్యమని. 1994లో రోగనిర్ధారణ కోడ్లు ఐసీడీ-8 నుంచి నేరుగా ఐసీడీ-10కి (ఐసీడీ అంటే జబ్బులకు అంతర్జాతీయంగా వాడే కోడ్ల పట్టిక) మారాయి, అంటే ఆటిజం అని దేన్ని అనాలో ఆ నిర్వచనమే మారింది. మరుసటి ఏడాది ఔట్ పేషెంట్లు లెక్కలోకి వచ్చారు. ఆటిజం పిల్లల్లో చాలామంది ఔట్ పేషెంట్లుగా చూపించుకునేవాళ్లే. 1980 నుంచి 1991 దాకా పుట్టిన పిల్లల వివరాలతో 2015లో వచ్చిన అధ్యయనం, ఆ పెరుగుదలలో దాదాపు 60 శాతానికి ఈ రెండు మార్పులే కారణమని తేల్చింది. గ్రాఫ్ షేర్ చేసేవాళ్లు ఈ మాట మాత్రం షేర్ చేయరు.

"రాసేది డాక్టర్లే." నిజమే, కానీ ఎక్కడ కూర్చుని, ఏ తొందరలో రాశారన్నది కూడా చూడాలి. కాలు వాచి ఒకాయన ఎమర్జెన్సీకి వచ్చాడనుకోండి. నరంలో రక్తం గడ్డకట్టిందేమోనన్న అనుమానంతో ఆ కోడ్ వేస్తారు. తర్వాత స్కాన్‌లో ఏమీ లేదని తేలినా ఆ కోడ్ అలాగే ఉండిపోవచ్చు. డెన్మార్క్‌లోనే పాత కేస్ షీట్లు తీసి సరిచూస్తే, వార్డుల్లో ఈ జబ్బుకు వేసిన కోడ్లలో సుమారు 75 శాతం నిజమని తేలాయి, ఎమర్జెన్సీలో వేసినవాటిలో 31 శాతమే. గుండెపోటు కోడ్ మాత్రం నూటికి తొంభైకి పైగా సరైనదే. అందుకే "రిజిస్ట్రీ డేటా కరెక్టేనా" అని గంపగుత్తగా అడిగితే జవాబుండదు. ఏ కోడు, ఏ విభాగం, ఏ సంవత్సరాలు అని అడగాలి.

ఇక అసలైన ముక్క: "లక్షల మంది కాబట్టి పొరపాట్లు సర్దుకుపోతాయి." యాదృచ్ఛికంగా అటూ ఇటూ పడే తప్పులు సర్దుకుంటాయి. ఒకే వైపు లాగే తప్పు మాత్రం ఎన్ని రికార్డులు చేర్చినా తగ్గదు. తూకం రాయే తరుగైనప్పుడు వెయ్యిసార్లు తూచి ఏం లాభం? పైగా సంఖ్య పెద్దదైతే తప్పు జవాబు కూడా మహా కచ్చితంగా కనిపిస్తుంది.

ఒక ఊహా ఉదాహరణ. గుండెపోటు తర్వాత డిశ్చార్జ్ అయినవాళ్లలో, ఏడాదిలోపు ఫలానా మందు కొన్నవాళ్లను ఒక గుంపుగా, కొననివాళ్లను ఇంకో గుంపుగా విడదీశాం. డిశ్చార్జ్ రోజు నుంచే లెక్క మొదలుపెట్టాం. ఇరవయ్యో రోజున చనిపోయిన మనిషికి మందు కొనే అవకాశమే దొరకలేదు, అతను 'కొనని' గుంపులో పడ్డాడు. ఆరో నెలలో కొన్న మనిషి ఆ ఆరు నెలలూ బతికి ఉండబట్టే కొనగలిగాడు, ఆ ఆరు నెలల ఆయుష్షూ మందు ఖాతాలో పడింది. మందు బదులు ఉత్త పిండి గోళీలు ఇచ్చినా ఈ లెక్కలో ప్రాణాలు నిలబెట్టినట్టే కనిపిస్తాయి. కోటి మందిని పెట్టినా ఇంతే. మందు కొన్న రోజు నుంచే ఆ మనిషిని 'కొన్న' గుంపులో లెక్కిస్తే ఈ మాయ పోతుంది. రిజిస్ట్రీలో తేదీలన్నీ ఉన్నాయి కాబట్టి ఆ పని సాధ్యమే. తప్పు డేటాది కాదు, లెక్క వేసినవాళ్లది.

ఇదంతా చదివి "అయితే రిజిస్ట్రీలు చెత్తన్నమాట" అనేవాళ్లూ ఉన్నారు. అదీ తప్పే. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాతో ఆటిజం వస్తుందా అన్న ప్రశ్నకు 2019లో డెన్మార్క్ నుంచి 6,57,461 మంది పిల్లల లెక్కతో జవాబు వచ్చింది: ముప్పు పెరగలేదు. టీకా వేసిన తేదీ, రోగనిర్ధారణ తేదీ రెండూ నమోదై ఉన్న ఇలాంటి ప్రశ్నకు రిజిస్ట్రీని మించిన సాధనం దొరకడం కష్టం.

"ట్రయల్స్ దండగ" అన్నది చివరి ముక్క. ఏ రోగికి ఏ చికిత్స ఇవ్వాలో డాక్టర్ ఊరికే నిర్ణయించడు. బలహీనంగా ఉన్నవాళ్లకు ఒకటి, గట్టిగా ఉన్నవాళ్లకు ఇంకోటి రాస్తాడు. ఆ తేడాలో కొంత ఏ కాలమ్‌లోనూ నమోదు కాదు. ట్రయల్‌లో చేసేట్టు లాటరీ వేసి చికిత్సను పంచితేనే ఆ తేడా రెండు గుంపుల్లోనూ సమానంగా చెదిరిపోతుంది. మెనోపాజ్ దాటినవాళ్లకు హార్మోన్ మాత్రలు గుండెను కాపాడతాయని పెద్ద పెద్ద పరిశీలనా అధ్యయనాలు (చికిత్సను తాము పంచకుండా, జరిగినదాన్ని గమనించేవి) చెబుతుంటే, 2002లో అమెరికాలో 16,608 మందితో నడుస్తున్న ట్రయల్‌ను మేలు కన్నా హాని ఎక్కువని మధ్యలోనే ఆపేశారు.

అసలు రిజిస్ట్రీనా ట్రయలా అని పోటీ పెట్టడమే అనవసరం. స్వీడన్ పరిశోధకుల 'టేస్ట్' (TASTE) అనే ట్రయల్‌లో గుండెపోటు రోగులు 7,244 మందిని రిజిస్ట్రీ లోపలే లాటరీ పద్ధతిలో రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు యాంజియోప్లాస్టీకి ముందు రక్తపు గడ్డను పీల్చి తీశారు, రెండో గుంపుకు తీయలేదు. ఎవరు బతికారో, ఎవరు పోయారో రిజిస్ట్రీలే చెప్పాయి, దాంతో ఖర్చూ బాగా తగ్గింది. అంతకుముందు ఒక చిన్న ట్రయల్‌లో ఈ పద్ధతితో మరణాలు తగ్గినట్టు కనిపించింది. 2013లో వచ్చిన టేస్ట్ ఫలితాల్లో 30 రోజుల మరణాలలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు.