కూనూరా, కోటగిరా? ముందు ఎలా వెళ్తున్నారో చెప్పండి

వరసగా మూడు రోజులు సెలవులొచ్చాయంటే చాలు, బెంగళూరులో మారతహళ్లి నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా తెలుగువాళ్ల ఇళ్లలో ఇదే పంచాయితీ. ఊటీ వద్దు, జనం ఎక్కువ. మరి అదే నీలగిరుల్లోని కూనూరా, కోటగిరా? ఒకరికొకరు ఫొటోలు చూపించుకుంటారు. రెండింట్లోనూ అవే తేయాకు తోటలు, అదే పొగమంచు. ఫొటోలు చూస్తే తేలే సంగతి కాదిది. రెండు ఊళ్ల మధ్య దూరం ఇరవై కిలోమీటర్లు, అటూ ఇటూగా. రెండూ దాదాపు 1,800 మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. ఒక ఊరికి స్వెట్టరు, ఇంకో ఊరికి శాలువా అన్నంత తేడా ఏమీ లేదు. ఉన్న తేడా అంతా కొండెక్కే దారిలోనూ, ఎక్కాక తిరిగే తీరులోనూ ఉంది.

నా లెక్క ముందే చెప్పేస్తా. రైల్లో వెళ్లేవాళ్లకి కూనూరు, సొంత కారులో వెళ్లేవాళ్లకి కోటగిరి. మనవాళ్లు సరిగ్గా దీన్ని తిరగేసి చేస్తారు. కారేసుకుని కూనూరు బజారులోకి దిగి, రైలు గేటు పడితే బస్టాండు దగ్గర ఇరుక్కుని, బెంగళూరు సిల్క్ బోర్డు ట్రాఫిక్‌నే కొండ మీద మళ్లీ చూసి వస్తారు.

కూనూరుకున్న అసలు ఆస్తి ఆ కొండ రైలే, అందరూ టాయ్ ట్రైన్ అనేది. కొండ కింద ఉన్న మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు. కూనూరు దాకా 1899లో వచ్చింది, ఊటీకి 1908లో చేరింది. 2005 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. కల్లార్ స్టేషన్ దాటాక వాలు పన్నెండుకి ఒకటి, అంటే పన్నెండు మీటర్లు వెళ్తే ఒక మీటరు ఎత్తు ఎక్కుతుంది. అందుకే అక్కణ్నుంచి కూనూరు దాకా పట్టాల మధ్యలో పళ్ల కడ్డీ ఉంటుంది, ఇంజిను కింది పళ్లచక్రం దాన్ని కరుచుకుంటూ పైకి ఎక్కుతుంది. ఎక్కేటప్పుడు ఇంజిను ముందుండి లాగదు, వెనక నుంచి తోస్తుంది. కాబట్టి ముందు పెట్టెలో సీటు దొరికితే ఎదురుగా పొగ లేకుండా దారి కనిపిస్తుంది. పొద్దున 7:10కి మేట్టుపాళయంలో బయల్దేరుతుంది. బెంగళూరు నుంచి రాత్రి బస్సులో వెళ్లేవాళ్లు ఆరుకల్లా అక్కడ దిగేలా చూసుకోవాలి. చెన్నైవాళ్లకి ఆ బాధ లేదు, నీలగిరి ఎక్స్‌ప్రెస్ నేరుగా అక్కడే దింపుతుంది. సీట్లు తక్కువ, రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది, ఆ రోజే చేసుకోవాలి. సీటు దొరక్కపోతే కూనూరు నుంచి ఊటీకి డీజిల్ ఇంజిను బండి ఉంది. కానీ పళ్ల కడ్డీ ఆ ముక్కలో లేదు. అదెక్కి 'టాయ్ ట్రైన్ చూశాం' అనుకుంటే సగమే చూసినట్టు.

ఇక రోడ్డు. బెంగళూరు నుంచి మైసూరు, గుండ్లుపేట, బండీపూర్ మీదుగా వెళ్లే దారి అందరికీ తెలుసు. బండీపూర్‌లో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లు ఆపేస్తారని కూడా తెలుసు, అయినా ఎనిమిదిన్నరకి గుండ్లుపేటలో టీ తాగుతూ కూర్చుంటారు. మసినగుడి నుంచి ఊటీ ఎక్కే కల్హట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. కొత్త డ్రైవరుకి అది పాఠశాల కాదు. కోటగిరి వెళ్లాలంటే ఇటు నుంచి వెళ్లడమే చుట్టు, ఊటీ ఎక్కి మళ్లీ ముప్పై కిలోమీటర్లు దిగాలి. హోసూరు, సేలం, అవినాశి, మేట్టుపాళయం దారి పట్టండి. మేట్టుపాళయానికి సుమారు 350 కిలోమీటర్లు, అవినాశి దాకా మంచి హైవే, అడవి గేటు గొడవ లేదు. మ్యాపు ఒక్కోసారి సత్యమంగళం అడవిలో 27 మలుపుల దింబం ఘాట్ చూపిస్తుంది. అక్కడా రాత్రి ఆంక్షలున్నాయి, వద్దు.

మేట్టుపాళయం దాటాక దారి చీలుతుంది. ఎడమ చేతి దారి బర్లియార్ మీదుగా కూనూరుకి, 14 హెయిర్‌పిన్‌లు, బస్సులు, లారీలు. రెండోది కుంజప్పనై మీదుగా కోటగిరికి, 33 కిలోమీటర్లు, మలుపులు కాస్త తేలిక, రద్దీ తక్కువ. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఈ లెక్క తప్పుతుంది. రద్దీ రోజుల్లో కూనూరు దారిని ఎక్కడానికి, కోటగిరి దారిని దిగడానికి కేటాయిస్తారు. కోటగిరికి గది తీసుకున్నా కూనూరు మీదుగా ఎక్కాల్సి రావచ్చు, రెండు గంటలు అదనంగా పెట్టుకోండి.

దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. ఆటోమేటిక్ కారైతే డి లో వదిలేయకుండా మాన్యువల్ మోడ్‌కో, ఎల్‌కో మార్చాలి. బ్రేకు మీద కాలు అలాగే ఉంచితే ప్యాడ్లు వేడెక్కి, బ్రేకు ఆయిలు మరిగి, పెడలు మెత్తగా లోపలికి పోతుంది. కాలిన వాసన రాగానే పక్కకి ఆపి అరగంట చల్లారనివ్వండి, చక్రాల మీద నీళ్లు పోయకండి. ఎక్కే బండికి దారివ్వడం అక్కడి మర్యాద.

ఈ-పాస్, అంటే బండికి ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి, దాని సంగతి చాలామంది చెక్‌పోస్టు దగ్గర వింటారు. మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి నీలగిరులకు వెళ్లే బయటి బండ్లకు ఇది తప్పనిసరి. ప్రభుత్వ బస్సులో వెళ్తే అక్కర్లేదు. వేసవిలో రోజుకి ఇన్ని బండ్లని పరిమితి పెడతారు కాబట్టి గది కంటే ముందు పాస్ తీసుకోవాలి. అలాగే చిన్న ప్లాస్టిక్ నీళ్ల సీసాలు జిల్లాలో నిషేధం. పులిహోర స్టీలు డబ్బాలో, నీళ్లు స్టీలు సీసాలో పెట్టుకుంటే చెకింగులో ఏ పేచీ ఉండదు.

కూనూరులో ఉండేట్టయితే బజారు దగ్గర కాదు, అప్పర్ కూనూరులో, సిమ్స్ పార్క్ వైపు చూడండి. పెద్దవాళ్లుంటే ఆ పార్కులో ఒక చిక్కుంది. గేటు పైన, చెరువు అడుగున. దిగడం హాయిగానే ఉంటుంది, తిరిగి ఎక్కేటప్పుడు మోకాళ్లు మాట్లాడతాయి. లాంబ్స్ రాక్, డాల్ఫిన్స్ నోస్ వ్యూపాయింట్లు పొద్దున తొమ్మిదిలోపు చూసేయాలి. తర్వాత మైదానం నుంచి మబ్బు పైకి లేచి తెల్లటి గోడ తప్ప ఏమీ మిగలదు. కోటగిరి నుంచి కోడనాడు వ్యూపాయింట్‌కీ ఇదే సూత్రం. అక్కడ కింద మోయార్ లోయ తేటగా కనిపిస్తే ఆ రోజు అదృష్టం మీదే. కోటగిరిలో 1819లో అప్పటి కోయంబత్తూరు కలెక్టరు జాన్ సలివన్ కట్టించిన బంగళా కన్నేరిముక్కులో ఉంది, అరగంట చాలు. తిండికి మాత్రం కూనూరుదే పైచేయి, కోటగిరి త్వరగా పడుకుంటుంది. మన విరిగిన కన్నడం ఇక్కడ అక్కరకొస్తుంది, ఈ కొండల్లో ఉండే బడగవాళ్ల భాష కన్నడానికి దగ్గర చుట్టం.

వానల విషయంలో జూన్ అంటే భయపడేవాళ్లు పొరబడుతున్నారు. పడమట 2,637 మీటర్ల దొడ్డబెట్ట అడ్డుగా ఉంది కాబట్టి నైరుతి వాన గూడలూరు వైపు కుమ్మేస్తుంది, కోటగిరికి జల్లు మాత్రమే వస్తుంది. ఈ రెండు ఊళ్లకీ అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2009 నవంబరులో కొండచరియలు విరిగి నీలగిరుల్లో 40 మందికి పైగా పోయారు. ఆ నెలల్లో పట్టాల మీద మట్టి పడి రైలు కూడా రద్దవుతూ ఉంటుంది. దసరా తర్వాతి ప్రయాణమైతే రద్దుకి డబ్బు వెనక్కిచ్చే గదే తీసుకోండి.

అడవిదున్న రెండు ఊళ్లలోనూ వీధుల్లోకే వస్తుంది. ఆవులా కనిపిస్తుందని సెల్ఫీకి దగ్గరికి పోకండి. కోటగిరి వైపు ఎలుగుబంట్లు ఎక్కువ, గుడి దీపాల నూనె కోసం కూడా తలుపులు విరగ్గొడతాయి. రాత్రి చెత్తబుట్ట గుమ్మం బయట పెట్టొద్దు, చీకటిపడ్డాక తేయాకు తోటల్లో నడక వద్దు.

నెల రోజులు లాప్‌టాప్ పట్టుకుని ఉండాలనుకుంటే అద్దె అడిగే ముందు మూడు అడగండి: నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి, గదిలోకి పొద్దుటెండ పడుతుందా, చెట్టు పడి కరెంటు పోతే ఇన్వర్టరు ఎంతసేపు లాగుతుంది. ఎండ పడని గదిలో వారానికే తోలు చెప్పులకి బూజు పడుతుంది.

రెండూ చూసి తీరాలంటే కారు ఇంట్లోనే ఉంచండి. రైల్లో కూనూరు ఎక్కి, ఒక రాత్రి ఉండి, బస్సులో కోటగిరి వెళ్లి, అటు నుంచే మేట్టుపాళయం దిగండి. దిగేది మధ్యాహ్నం బస్సులోనే. పనసకాయల కాలంలో చీకటి పడితే కుంజప్పనై దగ్గర ఏనుగులు రోడ్డు మీదికొస్తాయి.