హాస్టల్ దరఖాస్తులోని ‘ప్రాధాన్యం’ గడి గారికి

మహారాజశ్రీ ప్రాధాన్యం గడి గారి దివ్యసముఖానికి, గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పూర్వ విద్యార్థి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. నిన్న రాత్రి మా అమ్మాయి విజయవాడలో పీజీ ప్రవేశానికి సెల్‌ఫోనులో దరఖాస్తు నింపుతూ ఉండగా, ఇంచుమించు ముప్పై ఏళ్ల తరవాత తమ దర్శనభాగ్యం కలిగింది. అప్పట్లో తమరు సైక్లోస్టైల్ కాగితం మీద, సిరా అంటుకున్న మూడు వంకర గీతలుగా ఉండేవారు. ఇప్పుడు బాణం గుర్తు నొక్కితే కిందికి జారే జాబితా అయ్యారు. అడిగే ప్రశ్న మాత్రం మారలేదు: ఒక్కరి గదియా, ఇద్దరి గదియా, ముగ్గురి గదియా?

ఆనాడు నేను మొదటి ప్రాధాన్యంగా ఒక్కరి గది అని గుండ్రని అక్షరాలతో రాశాను. ముగ్గురి గదిలో నాలుగోవాడిగా సీటు వచ్చింది. ఒక్కరి గదులు పరిశోధక విద్యార్థులకు తప్ప ఇవ్వరని గుమస్తా గారు సెలవిచ్చారు. మరి ఆ మాట కాగితం మీద ఎందుకున్నదని అడిగితే, గడి ఉంది కాబట్టి నింపాలి, అడిగారు కాబట్టి ఇవ్వాలని ఎక్కడా లేదు అన్నారు. పరిపాలనాశాస్త్రం మీద నేను విన్న మొదటి పాఠం అదే, అదీ ఫీజు కట్టకముందే.

నాలుగోవాడినైన నాకు దిగులు ఎక్కువ రోజులు నిలవలేదు, ఎందుకంటే పది రోజుల్లో ఐదోవాడు వచ్చాడు. అతను నాన్ బోర్డరు, అంటే సీటు రాకపోయినా హాస్టల్లోనే ఉండే మనిషి. పాపం అతనూ తమరిని శ్రద్ధగా నింపినవాడే. రెండు మంచాలు దగ్గరకు జరిపి ముగ్గురు అడ్డంగా పడుకునేవాళ్లం, కాళ్లు మాత్రం ట్రంకు పెట్టెల మీదికి వెళ్లేవి. వార్డెన్ గారు తనిఖీకి వస్తున్నారని తెలియగానే అతను బకెట్టు, తువ్వాలు పట్టుకుని స్నానాల గదికి బయలుదేరేవాడు. రాత్రి పదకొండింటికి అన్నిసార్లు స్నానం చేసే శుచిమంతుణ్ణి నేను మళ్లీ చూడలేదు. మా మెస్సులో డివైడింగ్ పద్ధతి ఉండేది. బియ్యం, పప్పు, గ్యాసు, వంటవాళ్ల జీతాలు, నెలకయిన ఖర్చంతా కూడి బోర్డర్ల మీద పంచేవారు. కనుక రిజిస్టరులో నలుగురు, గదిలో ఐదుగురు ఉన్నా, వార్డెన్ గారి లెక్కకు అందని ఆ ఐదోవాడు పప్పు లెక్కలో మాత్రం ప్రతి నెలా తేలేవాడు.

నిజానికి గదిలో ప్రాధాన్యాన్ని తమరు కాదు, ఫ్యాను నిర్ణయించేది. ఫ్యాను కింది మంచం సీనియరుది, కిటికీ పక్కది ఆ తరవాతి వాడిది, తలుపు పక్కది నాది. మే నెల వచ్చేసరికి ఈ తరతమ భేదాలన్నీ రద్దయి, అందరమూ చాపలతో డాబా ఎక్కేవాళ్లం. దరఖాస్తులో ‘డాబా’ అనే నాలుగో ఐచ్ఛికాన్ని చేర్చి ఉంటే సగం మంది దానికే మొదటి ప్రాధాన్యం ఇచ్చేవారు.

మన ప్రాంతానికి ఈ హాస్టల్ విద్య కొత్తదేమీ కాదు. నాగార్జునకొండ తవ్వకాల్లో బయటపడిన విహారాలలో, నడుమ మండపమూ చుట్టూ భిక్షువుల గదుల వరుసలూ కనిపిస్తాయి. ఇక్ష్వాకుల కాలపు, అంటే 3వ శతాబ్దపు శాసనం ఒకటి అక్కడ సింహళ విహారం ఉన్నట్టు చెబుతుంది. విదేశీయులకు వేరే హాస్టల్ అన్నది ఇవాళ్టి బ్రోచర్లు కనిపెట్టిన సంగతి కాదన్నమాట. ఆ భిక్షువులు ఏ గడి నింపి గది పొందారో శాసనంలో లేదు.

ఇక ఆవరణ బయటి మార్గం సంగతి. బ్రాడీపేట, అరండల్‌పేట వీధుల్లో ప్రైవేటు హాస్టళ్లకు కొదవ లేదు. విద్యాసంస్థలకు వెలుపల ఉన్న హాస్టళ్లలో కనీసం 90 రోజులు ఎడతెగకుండా ఉంటే, నెలకు మనిషికి 20,000 రూపాయలు మించని అద్దెపై జీఎస్టీ వద్దని 2024 జూన్‌లో కౌన్సిల్ సిఫారసు చేసింది. మన రాష్ట్రంలో 2020లో మొదలైన వసతి దీవెన పథకం డిగ్రీ, ఆపై చదువుల పిల్లలకు ప్రకటించిన సాయం కూడా 20,000 రూపాయలే, కాకపోతే ఏడాదికి. ఒక కాగితంలో ఆ సొమ్ముతో పన్ను లేకుండా ఒక నెల ఉండదగిన విద్యార్థి, మరో కాగితంలో అదే సొమ్ముతో ఏడాది గడపదగినవాడు. ఈ ఇద్దరినీ ఒకే గదిలో వేస్తే ఫ్యాను కింది మంచం ఎవరిదో తమరే తేల్చాలి.

అమ్మాయిల దరఖాస్తులో తమరి పక్కన మరికొన్ని గళ్లు వెలిశాయి. తండ్రి సంతకం, స్థానిక సంరక్షకుడి ఫొటో, చూడవచ్చేవారి పేర్లు, సాయంత్రం గేటు వేళకు అంగీకారపత్రం. భద్రత పేరు చెప్పి అబ్బాయిలకు లేని నియమాలను అమ్మాయిల హాస్టళ్లలో విధించరాదని యూజీసీ 2015 నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఆ ఒక్క వాక్యం ఏ గడిలోనూ పట్టలేదు కాబోలు. మా హాస్టల్ గేటుకు తాళం ఉండేదో లేదో నాకిప్పటికీ తెలియదు.

ఇంత గొడవ ఎందుకు, ఇంటి నుంచే రోజూ విజయవాడ తిరగవచ్చు కదా అని మా అమ్మ అంది. సాయంత్రం వారధి మీద బస్సు ఎంతసేపు నిలబడుతుందో ఆవిడకు తెలియదు. మా అమ్మాయి మొదటి ప్రాధాన్యం ఒక్కరి గది అనే పెట్టింది. నేను నవ్వు ఆపుకున్నాను. సమర్పించు అనే మీట నొక్కగానే, అందుబాటును బట్టి కేటాయించబడును అని సమాధానం వచ్చింది.

ఈ ఉదయం అటక మీది నా పాత ట్రంకు పెట్టె దింపి, తుప్పు గీకి, గొళ్లేనికి కొబ్బరినూనె పట్టించాను. అది మంచం కిందికి దూరుతుందో లేదో చూడాలి. తమరి హాస్టల్లో మంచం ఎత్తు ఎన్ని అంగుళాలో తెలియజేయ ప్రార్థన.

ఇట్లు,
తమ విధేయుడు,
ముగ్గురి గదిలో నాలుగోవాడు